వంతెన మీద మూడో జవాబు

పోయిన ఆదివారం పొద్దున హోసూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలంటే తోడబుట్టిన పిల్ల కాదు, మా చిన్నాయన కూతురు. ఫ్యాక్టరీలో ఇంజనీరు, కింద పదిమంది మగవాళ్ళు పనిచేస్తారు, అయినా నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇరవై ఏళ్ళ కాలేజీ పిల్ల అయిపోతుంది. ఎత్తగానే పలకరింపు లేదు, కుశలం లేదు. "అక్కా, ఆమె ఇంగా పాలం మీదనే నిలబడి ఉండాది" అంది. పాలమంటే మా వైపు వంతెన. ఎవరు నిలబడి ఉన్నారని నేను అడగలేదు. మా పాత కంప్యూటరు డిస్కు ఒకటి ఆమె బట్టల బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉండేది. దాన్ని ఎవరి చేతనో బాగు చేయించి, కొత్త కంప్యూటరుకు తగిలించి, మేమిద్దరం పన్నెండేళ్ళ కింద ఆపేసిన ఆటను తెరిచిందట. ఆటలో మేం నడిపించే ఆడమనిషి అదే నీలం అంగీతో, అదే గోధుమరంగు గుర్రం పక్కన, మంచు పడుతుండగా వంతెన మీద ఉందట. ఎదురుగా ఈటె పట్టుకున్న కాపలావాడు కూడా ఉన్నాడట. "వాడు మళ్ళా అడిగినాడక్కా, ఎవురి తట్టు, ఎవురి మనిసివి అని. ఈతూరి తీర్చేద్దాం, బస్సెక్కి రా" అంది. వస్తానన్నాను. పెట్టేసిన తర్వాత టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. ఆ వంతెన మీద మేమెందుకు ఆగామో చెప్పాలంటే మా అత్త సంగతి చెప్పాలి. ఆమె ఆ కంప్యూటరును ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అప్పుడు నేను మారండహళ్ళిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు టీచరును. ముప్పై రెండేళ్ళు. పెళ్ళి కాలేదని ఊరివాళ్ళు అనేవాళ్ళు, చేసుకోలేదని నేను అనేదాన్ని. మా ఊరు తుంబలహళ్లి ఆనకట్టకు దగ్గరే కానీ, ఆ నీళ్ళు మాత్రం మా పొలాల దాకా రావు. మాకు బావే దిక్కు. తాత కట్టిన ఇల్లు రైలు పెట్టెలాగా పొడుగ్గా ఉండేది. ఒక కొసన మేము, ఇంకో కొసన చిన్నాయన వాళ్ళు, నడుమ రాగులు పోసే గది, ఆ గది ముందు అత్త మంచం. అత్త మా నాయనకూ చిన్నాయనకూ అక్క. ఇరవై ఆరేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి నాయనకు పదహారు, చిన్నాయనకు పదకొండు, అవ్వ మంచాన పడి ఉంది. ఇద్దరినీ ఆమే పెంచింది, ఇద్దరికీ ఆమే పెళ్ళిళ్ళు చేసింది. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా ఆ నడుమ మంచం దగ్గరికే రావాలి. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, గడప దాటితే అరవం, బడి చదువు కూడా అరవంలోనే. తెలుగు అక్షరాలు మాత్రం మా ఇంట్లో ఎవరికీ రావు. నేను కూడా నలభై దాటాక పట్టుదలకు పోయి నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్న ఇది మా చెల్లెలు చదవలేదు, ఫోన్లో నేనే చదివి వినిపించాలి.

ఆ ఆటను కాలేజీ నుంచి తెచ్చింది చెల్లెలు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, టీ పెట్టే వేళ దాకా ఇద్దరం కలిసి ఒకే మనిషిని ఆడించేవాళ్ళం. కత్తి చెల్లెలిది, మాట నాది. అంటే కొట్లాట వస్తే కీబోర్డు ఆమె లాక్కునేది. ఎవరైనా ఏదైనా అడిగితే, ఇంగ్లీషు చదివి జవాబు ఎంచే పని నాది. చెరువులూ దేవదారు చెట్లూ మంచూ నిండిన దేశం అది. మా ఆడమనిషికి ఊరూ పేరూ లేవు, ఒక గుర్రమూ ఒక విల్లూ ఉన్నాయి. ఆ దేశంలో అంతర్యుద్ధం. రాణి నదికి ఆనకట్ట కట్టించింది. కింద ఊళ్ళకు పైరు వచ్చింది, పైన కొండవాళ్ళ సమాధులు మునిగిపోయాయి. రాణి దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన ముసలి సేనాపతి అలిగి కొండలెక్కి, అక్కడి వాళ్ళను కూడగట్టుకుని తిరగబడ్డాడు. వీళ్ళు వాళ్ళ గడ్డివాములు తగలబెడితే, వాళ్ళు వీళ్ళ మనుషులను చెట్లకు వేలాడదీశారు. రాణి మనిషివి కావాలంటే రాగి కడియం తొడుక్కోవాలి, కొండ మనిషివి కావాలంటే నల్ల కంబళి కప్పుకోవాలి. ఒకసారి వేసుకుంటే మళ్ళీ తీయడం కుదరదు, రెండో పక్షం వాళ్ళు కనబడ్డచోటల్లా చంపడానికి వస్తారు. నాకు రాణి మాట సబబుగా తోచింది. ఆనకట్ట కింద పుట్టి కూడా నీళ్ళు దక్కనిదాన్ని, నీళ్ళు తెచ్చేవాళ్ళను నేనెలా కాదంటాను? చెల్లెలికి కొండవాళ్ళంటే ప్రాణం. ఆ వయసులో తిరగబడేవాళ్ళెవరైనా నచ్చుతారని నేను అంటే, నా వయసుకు కిరీటం పెట్టుకున్నవాళ్ళెవరైనా నచ్చుతారని ఆమె అనేది. అలా తేల్చుకోలేక నెలలు గడిచాయి.

అత్త మా వెనక పీట వేసుకుని పూలు కట్టుకుంటూ చూసేది. తెర మీద వాళ్ళు మాట్లాడేదంతా నేను ఇంటి మాటలో చెప్పాలి. నా నోట పడి ఆ రాణి మా ఊరి మనిషైపోయింది. సింహాసనం మీద కూర్చుని "ఏమిటికి వచ్చినావు, పొయ్యి మీద ఏమన్నా పెట్టి వచ్చినావా" అని అడిగేది. అత్తకు ఆ దేశం మీద గట్టి అభిప్రాయాలు ఉండేవి. అంత చలిలో ఒక్కరూ తలకు గుడ్డ చుట్టుకోరే అనేది. సేనాపతికి వండిపెట్టేవాళ్ళు లేరని, అందుకే కోపమని తేల్చింది. ఒక్క సంగతి మాత్రం ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. కంప్యూటరు ఆపితే ఆ దేశం కూడా ఆగిపోతుందంటే నమ్మేది కాదు. మనం లేచి సంగటి తినడానికి పోతే వాళ్ళు మాత్రం మంచులో నిలబడి ఉండాలా అనేది. అందుకని ఆట ఆపే ముందు మా ఆడమనిషిని ఏదో ఒక సత్రానికి చేర్చి, గుర్రాన్ని పాకలో కట్టాల్సిందే. సత్రం దూరమైతే మా టీ ఆలస్యమయ్యేది. ఒకసారి చెల్లెలు విసుక్కుని అడవిలోనే ఆపేస్తే, వారమంతా ఆ గుర్రం సంగతి అడిగి అడిగి ఆమెను వదల్లేదు.

ఎవరి పక్షమో మేం తేల్చుకోలేకపోవడం చూసి, ఒకరోజు అత్తే దారి చెప్పింది: పూవు అడుగుదాం. మా వైపు పెళ్ళి సంబంధానికి, బావి తవ్వడానికి, దేనికైనా మనసు రెండుగా చీలితే దేవర ముందు పూవు అడుగుతారు. తెల్లపూవు ఒక పొట్లం, ఎర్రపూవు ఒక పొట్లం, ఒకేలాగ ఆకులో చుట్టి పెట్టి, చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. వచ్చిన రంగే దేవర మాట. తెలుపు రాణికి, ఎరుపు కొండకు అని అత్త రెండు పొట్లాలు కట్టి కంప్యూటరు ముందు పెట్టింది. చిన్నపిల్లలెవరూ అందుబాటులో లేరు, మా ముగ్గురిలో చిన్నది చెల్లెలే కాబట్టి ఆమే తీసింది. తెలుపు వచ్చింది. చెల్లదంది, తను కళ్ళు మూసుకోలేదంది. మళ్ళీ తీస్తే ఎరుపు. అప్పుడు నేను చెల్లదన్నాను. మూడోసారి అత్త రెండు పొట్లాలూ విప్పి, తెల్లపూలు నా జడలో, ఎర్రపూలు చెల్లెలి జడలో పెట్టి, దేవరకు మీ జగడాలూ సండలూ తీర్చేది తప్ప వేరే పని లేదా అని లేచిపోయింది. రోజూ ఇంట్లో ఆడవాళ్ళందరికీ పూలు కట్టేది ఆమే. తన తలలో మాత్రం నలభై ఏళ్ళుగా ఒక్క రేక పెట్టుకోలేదు. మాకు అది వింతగా కూడా తోచేది కాదు. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. బావి ఇద్దరు అన్నదమ్ములకూ ఉమ్మడి, ఒకరోజు నాయన వంతు, ఒకరోజు చిన్నాయన వంతు. మూడు ఫేజుల కరెంటు రోజుకు కొన్ని గంటలే. నాయన వంతు రోజున కరెంటు అసలు రాలేదు. మర్నాడు వచ్చింది, అది చిన్నాయన వంతు. వాడిపోతున్న రాగి పైరు చూడలేక నాయన మోటారు వేశాడు, చెప్పకుండా వేశాడు. చిన్నాయన టమాటాలు పూతకు వచ్చి ఉన్నాయి. పెరియంపట్టిలో మామగారింటి నుంచి సాయంత్రం అతను తిరిగి వచ్చేసరికి బావి అడుగంటి ఉంది. నాలుగు రోజుల్లో తోటంతా పూత రాలిపోయింది. వంతు వంతే అన్నాడు చిన్నాయన. కరెంటు లేని వంతు వంతెట్లా అవుతుంది అన్నాడు నాయన. నన్నడిగితే ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరిదీ తప్పే. ఆ మాట అప్పుడు అన్నందుకు నాయన నన్ను వారం రోజులు పలకరించలేదు. మాటలు ముదిరి, చచ్చిపోయిన తాత దాకా పోయాయి, కోడళ్ళ పుట్టిళ్ళ దాకా పోయాయి. రెండు నెలల్లో వాకిలి నడుమ ఇటుక గోడ లేచింది. గోడ రాగుల గది గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే అక్కడ అత్త మంచం ఉంది.

గోడ లేచిన రోజు నాయన నన్ను పిలిచి, నువ్వు నా కూతురివి, ఆ ఇంటి పిల్లతో మాట్లాడితే నాకు వెన్నుపోటు పొడిచినట్టే అన్నాడు. అటువైపు చెల్లెలికీ అదే జరిగిందట. కంప్యూటరు ఇటు ఉండిపోయింది, చెల్లెలు అటు ఉండిపోయింది. మూడో రోజు అత్త కట్టిన పూలు ఇవ్వడానికి వచ్చి, గొంతు తగ్గించి, "అది లేకుండా ఎవురి తట్టూ చేరవద్దంట. చేరినావంటే జన్మలో నీ మొకం చూడదంట" అంది. నేను కూడా అత్త చేతనే కబురు పంపాను: ఇద్దరం పక్కపక్కన కూర్చునేదాకా కడియమూ లేదు, కంబళీ లేదు. అలా మా పట్టింపు కాస్తా ఒట్టుగా మారింది. ఆదివారాలు నేను ఒంటరిగా ఆడేదాన్ని. ఆ దేశంలో చెయ్యగలిగిన పనులన్నీ చేశాను. తప్పిపోయిన గొర్రెలు తెచ్చాను, పాడుబడ్డ గుళ్ళు వెతికాను, ఎవరెవరి ఉత్తరాలో మోశాను. చివరికి చెయ్యడానికి మిగిలింది యుద్ధం ఒక్కటే.

రెండిళ్ళ పంపకాల్లో గిన్నెలు పోయాయి, ఎద్దులు పోయాయి, తాత మంచం కోళ్ళు కూడా రెండూ రెండూగా పోయాయి. మిగిలింది అత్త. ఆమె ఎవరికీ భారం కాదు, తన తిండికి మించి పనిచేసే మనిషి. ఇద్దరూ ఆమెను కోరుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా ఇంటి దేవర పెట్టె ఆమె దగ్గర ఉండేది; పాత చెక్కపెట్టె, అందులో అమ్మవారి చీర, వెండి కళ్ళు, పసుపుకొమ్ములు. మా ఇంట్లో అది పెద్ద కూతురి చేతిలో ఉండడం ఆనవాయితీ. పెట్టె ఎవరింట్లో ఉంటే వాళ్ళ పొంగలే దేవరకు ముందు పొంగాలి, మొదటి మరియాద వాళ్ళకే. అంటే అత్త ఎవరింట్లో తింటే వాళ్ళే తాత ఇంటికి పెద్దలు, రెండోవాళ్ళు విడిపోయినవాళ్ళు. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. ఎవరింటికి పోతావమ్మా అని అడిగారు. ఒకరింట్లో పొయ్యి ముట్టాక ఇంకొకరి గడప తొక్కకూడదని కూడా చెప్పారు. అత్త మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే దేవరే మాట్లాడుతుంది, వచ్చే మంగళవారం పొద్దున గుడి దగ్గర పూవు అడుగుదాం అని వాళ్ళే తేల్చి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. తెలుపు పెద్దవాడికి, ఎరుపు చిన్నవాడికి. ఆమె కడుపున పుట్టకపోయినా కొడుకుల్లాంటి ఇద్దరిలో ఒకరిని ఆమె బతికుండగానే పోగొట్టుకోవాలి. ఆ పోయేది ఎవరన్నది ఒక పిల్ల చెయ్యి చెప్తుంది.

ఆ మంగళవారానికి ముందు ఆదివారం నాకు బాగా గుర్తు. అమ్మ పొలానికి పోయింది, నాయన మారండహళ్ళి సంతకు. అత్త పీట వేసుకుని నా వెనక కూర్చుంది, చేతిలో పూలు లేవు. నేను ఆడమనిషిని నది మీది వంతెన దగ్గరికి తీసుకుపోయాను. ఒక ఒడ్డున రాణి డేరాలు, ఒక ఒడ్డున కొండవాళ్ళ డేరాలు, నడుమ కాపలావాడు. ఎవరు వచ్చినా వాడు అడిగేది ఒకటే: నువ్వు ఎవరి మనిషివి? కింద మూడు జవాబులు రాసి ఉంటాయి. అత్త చాలాసేపు ఆ అక్షరాల వైపు చూసింది.

"మొదటిది రాణి తట్టు. రెండోది కొండ తట్టు. ఆ మూడోది ఏమని రాసుండాది పాపా?"

"ఇంకా చెప్పను, అని."

"అట్ల చెప్తే వాడేం చేస్తాడు?"

"ఏమీ చెయ్యడత్తా. దారి విడుస్తాడు. మళ్ళా వచ్చినప్పుడు మళ్ళా అడుగుతాడు."

"అడగనీ" అంది అత్త. "అడిగేది వాని పని."

టీ వేళ అయింది. నేను ఎప్పటిలాగే ఆడమనిషిని సత్రానికి తిప్పబోయాను. అత్త నా భుజం మీద చెయ్యి వేసి, ఈ పొద్దు ఆడనే ఉండనీ అంది. గుర్రం చలికి ఆగదు కదా అన్నాను నవ్వుతూ. ఆగుతుందిలే అంది. ఆమె నవ్వలేదు. కంప్యూటరు ఆపేశాను.

మా దేవర గుడి పొలం గట్టు మీద ఉంది, మేకంత ఎత్తు గుడి. మంగళవారం పొద్దున ఎండ ఎక్కకముందే రెండిళ్ళవాళ్ళూ చెరో పక్క నిలబడ్డారు. చెల్లెలు అటు, నేను ఇటు, ఒకరినొకరు చూసుకోవడానికి కూడా భయపడుతూ. పూజారి గుండ్రంగా ఉన్న తెల్ల నందివర్ధనాలు ఒక అరటాకు ముక్కలో, ఎర్ర గన్నేర్లు ఇంకో ముక్కలో చుట్టి, నారతో కట్టి, నీళ్ళు చల్లి, అమ్మవారి పాదాల దగ్గర కలిపి పెట్టాడు. ఆయన మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, రెండింటినీ తేరిపార చూసి, తనకు దగ్గరగా ఉన్నది తీసి అత్త చేతిలో పెట్టింది. విప్పమ్మా అన్నాడు పెద్దమనిషి. అత్త ఆ పొట్లాన్ని విప్పలేదు. వంగి, ఆ పిల్లతో, రెండోది కూడా తెచ్చియ్యి తల్లీ అంది. పిల్లకేం తెలుసు, సంతోషంగా తెచ్చి ఇచ్చింది. పెద్దమనుషుల్లో ఒకాయన ఇది పద్ధతి కాదన్నాడు. అత్త విననట్టే రెండు నారలూ తెంపి, రెండు ఆకులూ విప్పి, తెల్లవీ ఎర్రవీ కలిపి ఒకే మాలగా నారతో ముడివేసింది. నలభై ఏళ్ళు ఇంటి ఆడవాళ్ళకు పూలు కట్టిన చేతులు, ఎంత, చిటికెలో అయిపోయింది. కట్టి, తన ముడిలో పెట్టుకుంది.

మొగుడు పోయిన మనిషి, దేవర ఎదురుగా, నిండా పూలు. నాకు గుండె దడదడలాడింది. భయంతోనే అనుకున్నాను మొదట. కాదు, అది సంతోషం. పద్ధతి కాదన్న పెద్దమనిషే ముందు తేరుకుని, అపచారం, తీసెయ్యమ్మా అన్నాడు. అత్త ఆయన వైపు తిరిగింది. "పూవు అడిగింది మీరు, ఇచ్చింది అమ్మ. ఆమె నాకిచ్చిన పూవు తీసెయ్యమనేదానికి నువ్వు ఎవురు స్వామీ?" తర్వాత తమ్ముళ్ళ వైపు చూసింది. "పెద్దోడా, చిన్నోడా, ఇద్దురూ వినండి. మీ ఇద్దురికీ సంగటి పెట్టి పెంచినదాన్ని. ఒగరిదే తినమంటే నేను తినను. నా పొయ్యి నాది. ఆకలైతే ఇద్దురూ ఆడికే రండి." పూలు కొత్త, ముడి పలచన, మాల జారబోయింది. మా పిన్నమ్మ, చిన్నాయన భార్య, గోడ లేచినప్పటి నుంచి మా ఇంటివైపు తలెత్తి చూడని మనిషి, తన జడలో పిన్ను తీసి ముందుకు వచ్చింది. అదే క్షణంలో మా అమ్మ కూడా వచ్చి మాల పట్టుకుంది. ఒకరు పట్టుకుంటే ఒకరు పిన్ను పెట్టారు. పని అయ్యాక ఎవరి పక్కకు వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు.

ఆ రోజే అత్త రాగుల గదిలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. దేవర పెట్టె ఆ గది అటక మీదికి ఎక్కింది. గోడ ఆ గడప దాకా వచ్చి ఆగినందువల్ల గదికి అటూ ఇటూ ఉన్న రెండు తలుపులకూ దారి మిగిలింది. రెండూ తీసే ఉంచేది. అన్నదమ్ములు కలిసిపోయారని రాయడానికి నాకూ ఆశగానే ఉంది, కానీ కలవలేదు. నాయన చనిపోయేదాకా చిన్నాయనతో మాట్లాడలేదు. కానీ ఇద్దరూ, వేరువేరు వేళల్లో, ఆ గదిలో కూర్చుని అక్క చేతి సంగటి తిన్నారు. ఒకసారి వేళలు తప్పి ఇద్దరూ ఎదురుబొదురు వచ్చారు. లేచిపోయినవాడికి రేపు ముద్ద లేదంది అత్త, ఇద్దరూ గోడల వైపు తిరిగి కూర్చుని తిన్నారు. ఊరు ఊరుకుంటుందా? ఆమెను శుభకార్యాలకు పిలవడం మానేశారు. వానలు పడకపోతే ఆమె పూల వల్లనే అన్నారు, మరుసటి ఏడు విరగబడి కురిస్తే మాత్రం ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. ఆమె పూలు మానలేదు. బతికినన్నాళ్ళూ రోజూ పొద్దున కట్టుకునేది, గుడికి పెట్టుకునేది, సంతకు పెట్టుకునేది. పెద్దమనుషుల ఇళ్ళ ముందు నుంచి పోవాల్సి వస్తే ఇంకొక మూర ఎక్కువ పెట్టుకునేది. ఈ చివరి సంగతి నేను కల్పించింది కాదు, ఆ అదనపు మూర కట్టడానికి నేను నార అందించేదాన్ని.

చెల్లెలితో నేను ఆ గదిలోనే మాట్లాడేదాన్ని. ఆ గది ఎవరిదీ కాదు కాబట్టి మమ్మల్ని కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. కంప్యూటరు మాత్రం అక్కడ పెట్టలేకపోయాం, ఆ గదిలో కరెంటు లేదు. ఒంటరిగా నేనూ మళ్ళీ ఆట తెరవలేదు. తర్వాత ఆమెకు ఉద్యోగం వచ్చింది, కంప్యూటరు చెడిపోయింది, డిస్కు ఆమెకు ఇచ్చేశాను. అత్త పోయి నాలుగేళ్ళు. పాడె మీద తలలో పూలు పెట్టకూడదని ఎవరో అనబోతే, చెల్లెలూ నేనూ చెరో పక్కన నిలబడి పెట్టాం. ఆ వేళ మమ్మల్ని ఆపగలిగినవాళ్ళు ఊర్లో లేరు. దేవర పెట్టె నా దగ్గర ఉంది, నా తర్వాత చెల్లెలికి. పొంగళ్ళు రెండూ ఒకే వేళ పొంగాలని మేమిద్దరం కట్టడి చేశాం. ఏది ముందు పొంగిందో చూడడానికి వంగేవాళ్ళను వెనక్కి లాగుతాం.

నిన్న హోసూరు వెళ్ళాను. చెల్లెలి ఇల్లు అయిదో అంతస్తు, కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనిపిస్తాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కపక్కన కూర్చున్నాం. ఇద్దరికీ ఇప్పుడు కళ్ళజోళ్ళు. ఒట్టు తీరింది కదా, ఇక ఎంచుకోవచ్చు. కడియమా కంబళా అని గంటసేపు వాదించుకున్నాం. తమాషా ఏమిటంటే, పదిమందిని పనిలో పెట్టి నడిపే చెల్లెలు ఇప్పుడు రాణి వైపు మాట్లాడింది, నేను కొండవాళ్ళ వైపు. ఎవరూ తగ్గలేదు. చివరికి ఆమె ఆట తెరిచింది. మంచు పడుతోంది. పన్నెండేళ్ళుగా ఆ చలిలో ఉన్న గుర్రం చెవులు విదిలించింది, అత్త చెప్పినట్టు బాగానే ఆగింది. కాపలావాడు ఈటె అడ్డం పెట్టి అడిగాడు: నువ్వు ఎవరి మనిషివి?

కత్తి తనది, మాట నాది, పాత పద్ధతే. చెల్లెలు కీబోర్డు నా వైపు తోసింది. నేను ఆమె ముఖం చూశాను, ఆమె నా ముఖం చూసింది. ఇద్దరి వేళ్ళూ ఒకేసారి మూడో జవాబు మీద పడ్డాయి. వాడు దారి విడిచాడు. సత్రం కోసం వెతకలేదు, ఆడమనిషిని అక్కడే, వంతెన నడుమ వదిలి, టీ తాగడానికి లేచాం. పన్నెండేళ్ళు అడిగాడు, ఇంకో పన్నెండేళ్ళు అడుగుతాడు. అడగనీ, కాలం వాడికీ ఉంది, మాకూ ఉంది.